కాకినాడకు పెట్టిన కొలబద్ద

హార్వర్డ్ మనస్తత్వశాస్త్రంలో కాకినాడకు ఒక స్థిరమైన స్థానం ఉందన్న సంగతి కాకినాడ వారిలోనే చాలామందికి తెలియదు. 1964, 65 సంవత్సరాల ప్రాంతంలో ఆ ఊరి చిన్న వ్యాపారులు యాభై మందికి పైగా జట్లు జట్లుగా హైదరాబాదు వచ్చి, సియెట్ అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధమైన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో సుమారు పది రోజులు ఉండి ఒక విచిత్రమైన విద్య నేర్చుకున్నారు. అది పద్దులు రాసే విద్య కాదు, సరుకు అమ్మే విద్యా కాదు. బొమ్మ చూసి కథ రాయడం, ఆ కథకు తామే మార్కులు వేసుకోవడం, కొయ్యకు రింగులు విసిరే ఆటలో ఎంత దూరాన నిలబడాలో నిర్ణయించుకోవడం, సాధించాలన్న తపన గలవాడు ఎలా ఆలోచిస్తాడో అలా ఆలోచించడం అలవాటు చేసుకోవడం. ఈ శిక్షణను రూపొందించినవాడు హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన ఆ ప్రయోగ ఫలితాలను 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ అన్న గ్రంథంగా ప్రకటించాడు. కాకినాడతో పాటు వెల్లూరు కూడా అందులో ఉంది. శిక్షణ అందని ఊరుగా, పోల్చి చూసుకోవడానికి, రాజమండ్రి ఉంది.

ఆ పుస్తకాన్ని ఇప్పుడు చదివేవారు అరుదు. దాని వెనుక ఉన్న భావం మాత్రం ఊరేగుతూనే ఉంది. కొన్ని జాతులకు, కొన్ని సంస్కృతులకు పైకి రావాలన్న తపన ఎక్కువ, కొన్నింటికి తక్కువ, ఆ తేడాను అంకెలో చూపవచ్చు, దేశాల కలిమిలేములకు ఆ అంకెే మూలం. ఈ నాలుగు మాటల్లో మొదటి మూడూ అనుమానాస్పదం, నాలుగోది తప్పు. అయినా ప్రవాస తెలుగు కుటుంబాల్లో భోజనాల తరవాతి సంభాషణ ఈ నాలుగు మాటల చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. సంస్కృతి వల్లనే ఇంతవాళ్ళమయ్యామన్నది అక్కడ ఎవరూ ప్రశ్నించని ఉపనిషద్వాక్యం. ఆ వాక్యానికి శాస్త్రం అండ ఉందనుకునేవారు ఆ శాస్త్రం ఏ పునాది మీద నిలిచిందో ఒకసారి తవ్వి చూసుకోవాలి.

మెక్లెలాండ్ ప్రసిద్ధ గ్రంథం ‘ది అచీవింగ్ సొసైటీ’ 1961లో వచ్చింది. మాక్స్ వేబర్ ప్రొటెస్టెంటు మతానికీ పెట్టుబడిదారీ విధానానికీ ముడిపెట్టిన వాదం నుంచి ఆయన బయలుదేరాడు. ఆ ముడి నడుమ ఒక మానసిక ప్రేరణ ఉందన్నాడు. దాన్ని ఎన్-యాచ్ అన్నాడు, సాధనాపేక్ష అనుకోవచ్చు. కొలిచే పద్ధతి 1930లలో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గన్ రూపొందించిన కథాచిత్ర పరీక్ష నుంచి తెచ్చుకున్నది. మనిషికి అస్పష్టమైన బొమ్మ ఒకటి చూపిస్తారు. కథ రాయమంటారు. ఆ కథలో శ్రేష్ఠతతో పోటీపడడం, అపూర్వమైనదేదో చేయాలనుకోవడం, దీర్ఘకాలం ఒక లక్ష్యం వెంట నడవడం కనిపిస్తే అంకె పెరుగుతుంది. ఇంతవరకూ ప్రయోగశాల వ్యవహారం. దీన్ని దేశాలకు ఎలా అన్వయించడం? దేశాన్ని కూర్చోబెట్టి బొమ్మ చూపించలేరు కదా. అందుకని మెక్లెలాండ్ చిన్నపిల్లల వాచకాలు తెప్పించాడు. 1920ల నాటివి ఇరవైకి పైగా దేశాలవి, 1950 ప్రాంతానివి నలభై దేశాల దాకా. దేశానికి ఇరవైయొక్క కథలు. వాటిని ఇంగ్లీషులోకి అనువదించి, ఏ దేశానివో తెలియకుండా పేర్లు మార్చి, మార్కులు వేయించాడు. ఆ మార్కులను విద్యుదుత్పత్తి పెరుగుదలతో పోల్చాడు. 1920ల కథల్లో తపన ఎక్కువగా ఉన్న దేశాలు తరవాతి పాతికేళ్ళలో ఎక్కువ కరెంటు ఉత్పత్తి చేశాయని తేల్చాడు.

పాఠకుడి ఊపిరి ఆగవలసిన చోటు ఇది. ఇరవైయొక్క కథలతో ఒక దేశపు అంతరంగం! మెక్లెలాండ్ ఉత్సాహం అక్కడితోనూ ఆగలేదు. పురాతన గ్రీకు కలశాల మీది గీతల వంపుల్లోనూ, పెరూ దేశపు ప్రాచీన కుండల మీదా తపన కొలిచాడు. పాత ఇంగ్లీషు నాటకాలు, గేయాలు మార్కులు వేయించి లండనుకు చేరిన బొగ్గు దిగుమతులతో సరిచూసిన శిష్యులు ఆయనకు ఉన్నారు. పనితనం మెచ్చుకోదగినదే. చదువుతుంటే సరదాగానూ ఉంటుంది. పిల్లిపిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎక్కడ చూసినా ఆయనకు తన తపనే కనబడింది.

1950 నాటి వాచకాల పట్టికను చూస్తే అసలు కథ బయటపడుతుంది. అందులో భారతదేశం అగ్రశ్రేణిలో ఉంది, అమెరికా కన్నా పైన. జపాను అమెరికాకు బాగా దిగువన ఉంది. బెల్జియం అట్టడుగున ఉంది. తరవాతి ఇరవై ఏళ్ళలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. జపాను ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచే వేగంతో పెరిగింది. భారతదేశం ఎంత నెమ్మదిగా నడిచిందంటే, రాజ్‌కృష్ణ అన్న ఆర్థికవేత్త ఆ నడకకు ‘హిందూ వృద్ధిరేటు’ అని వెటకారపు పేరు పెట్టవలసి వచ్చింది. ఇది ఒకటి రెండు దేశాల అపవాదం అనుకోవడానికీ వీల్లేదు. 1976లో ఫినిసన్, 1977లో మజూర్, రోజా అదే పద్ధతితో 1950 నాటి అంకెలను ఆ తరవాతి అభివృద్ధితో మళ్ళీ సరిచూశారు. సంబంధం కనబడలేదు. ఒక సిద్ధాంతం గడిచిన కాలాన్ని వివరించి, రాబోయే కాలం దగ్గర తడబడితే వైద్యశాస్త్రంలో దాన్ని నిర్ధారణ అనరు, ఊహ అంటారు. ఊహకు గౌరవం ఉంది. ఊహను మందులా పంచిపెట్టడమే అభ్యంతరకరం.

కొలబద్ద సంగతి ఇంకా ఇబ్బందికరం. డోరిస్ ఎంట్‌విసిల్ 1972లో ఈ కథాపరీక్షల విశ్వసనీయతను సమీక్షించి, అది 0.3, 0.4 దాటడం అరుదని చూపింది. ఒకే మనిషికి ఉదయం ఒక అంకె, సాయంత్రం వేరొక అంకె చూపించే రక్తపోటు యంత్రాన్ని ఏ వార్డులోనూ ఉంచుకోరు. మెక్లెలాండ్ పక్షం వారికి దీనికి సమాధానం లేకపోలేదు: కథ రాసేవాడు ఒకసారి రాసినట్టు మళ్ళీ రాయడు, రెండోసారి కొత్తదనం కోసం వెతుకుతాడు, అందుకే అంకె మారుతుంది, పైగా మనిషి తన గురించి తాను నింపే ప్రశ్నావళి కన్నా అతను అల్లే కథే దీర్ఘకాలపు నడవడిని బాగా చెబుతుంది. ఈ రెండో మాటలో కొంత నిజం ఉంది. వ్యక్తుల విషయంలో దానికి ఆధారాలూ ఉన్నాయి. కానీ వ్యక్తి నుంచి దేశానికి దూకడానికి ఆ నిజం సరిపోదు.

ఈ దూకుడు వైద్యులకు కొత్త కాదు. ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమీటరును జాన్ హచిన్‌సన్ 1840లలో లండనులో రూపొందించాడు. కొద్ది కాలానికే అమెరికా దక్షిణాదిలో శామ్యూల్ కార్ట్‌రైట్ అన్న వైద్యుడు దాన్ని బానిసల మీద ప్రయోగించి, నల్లవారి ఊపిరితిత్తులకు స్వతహాగా శక్తి తక్కువని, కాబట్టి బానిస చాకిరీ వారికి ఆరోగ్యమని తేల్చాడు. యంత్రం అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆ మనుషులు ఏ పాకల్లో పడుకున్నారో, ఏం తిన్నారో, ఏ ధూళి పీల్చారో యంత్రానికి తెలియదు. ఆ వ్యత్యాసం ‘జాతి సవరణ’ అన్న పేరుతో యంత్రాల లోపలికే ఎక్కి, దశాబ్దాల తరబడి అక్కడే కూర్చుంది. ఒక నల్లజాతి రోగి జబ్బును ‘అతని జాతికి ఇది మామూలే’ అని ఆ మీట తేల్చేసేది. అమెరికా ఊపిరితిత్తుల వైద్యుల సంఘం దాన్ని వదిలిపెట్టమని సిఫారసు చేసింది 2023లో. లండీ బ్రౌన్ 2014లో రాసిన ‘బ్రీతింగ్ రేస్ ఇంటు ది మెషీన్’ ఈ చరిత్రనంతా చెబుతుంది. సంస్కృతుల తపనను కొలిచే పుస్తకాలు చదివే ముందు దాన్ని చదవడం మంచిది. పరిస్థితుల తేడాను పుట్టుకలోని తేడాగా, ఆ తరవాత సంస్కృతిలోని తేడాగా చదవడం ఎంత సులువో అందులో కనబడుతుంది.

ఇక భాష సంగతి. ఐబీఎం ఉద్యోగుల లక్ష పైచిలుకు ప్రశ్నపత్రాలతో దేశాల సంస్కృతులను కొలిచిన హాఫ్‌స్టెడ్ (ఆయన కొలతల మీదా తగవులున్నాయి, అది వేరే కథ) 1980లో ఒక పదునైన మాట అన్నాడు: అచీవ్‌మెంట్ అన్న పదాన్ని ఇంగ్లీషు నుంచి వేరే భాషలోకి మార్చడమే దాదాపు అసాధ్యమని. తెలుగులో ప్రయత్నించి చూస్తే ఆయన మాట ఎంత నిజమో తెలుస్తుంది. ‘సాధన’ అంటే అభ్యాసం. ఫలితం రావచ్చు, రాకపోవచ్చు. ‘సాధించడం’ అనగానే తెలుగు చెవికి రెండు అర్థాలు వినబడతాయి. పట్టుబట్టి పని నెరవేర్చడం ఒకటి, కోడలిని అత్తగారు రాచిరంపాన పెట్టడం మరొకటి. ‘విజయం’లో యుద్ధం ఉంది. మరి ఒక మనిషి జీవితంలో నెగ్గాడని తెలుగు ఇళ్ళలో నిజంగా ఏ మాటతో చెబుతారు? ‘ప్రయోజకుడయ్యాడు’ అంటారు. ఎవరికి ప్రయోజనం? ఆ ప్రశ్న మాటలోనే ఉంది. ‘అందివచ్చిన కొడుకు’ అంటారు. ఎవరి చేతికి అంది వచ్చాడు? ‘ఇంటిని నిలబెట్టాడు’ అంటారు. ‘గట్టెక్కాడు’, ‘ఒడ్డున పడ్డాడు’ అంటారు. ఈ చివరి రెండింటిలో శిఖరం లేదు, ప్రవాహం ఉంది. మునగకపోవడమే గెలుపు.

ఈ మాటలు పుట్టిన ఇంటి పిల్లవాడి ముందు మెక్లెలాండ్ వాడిన బొమ్మల్లో ఒకదాన్ని పెట్టి చూడండి. బల్ల ముందు కూర్చున్న అబ్బాయి, ముందు తెరిచిన పుస్తకం. అమెరికా పిల్లవాడు రాసే కథలో ఆ అబ్బాయి తరగతిలో అందరినీ మించాలనుకుంటాడు, లేదా కొత్త విషయం కనిపెడతాడు. మార్కు పడుతుంది. గోదావరి జిల్లా పిల్లవాడు రాసే కథలో ఆ అబ్బాయి ఫీజు కట్టవలసిన తేదీ గురించి ఆలోచిస్తూ ఉండవచ్చు. అక్క పెళ్ళికి తండ్రి చేసిన అప్పు, ఉద్యోగం వస్తే తీర్చగలిగే అప్పు, అతని కళ్ళ ముందు ఆడుతూ ఉండవచ్చు. ఆ కథలో శ్రేష్ఠతతో పోటీ లేదు. మార్కుల పుస్తకం ప్రకారం అందులో ఉన్నది అనుబంధమో, సాధారణ కర్తవ్యమో అవుతుంది తప్ప సాధనాపేక్ష కాదు. కానీ ఆ రాత్రి లాంతరు ఆరిపోయే దాకా చదివేది ఇద్దరిలో ఎవరు? కొలబద్ద ఇక్కడ తపనను కొలవడం లేదు. తపన ఏ భాషలో మాట్లాడితే కొలిచేవాడికి అర్థమవుతుందో దాన్ని కొలుస్తోంది.

జపాను విషయంలో జార్జ్ డెవోస్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. 1973లో వచ్చిన ఆయన ‘సోషలైజేషన్ ఫర్ అచీవ్‌మెంట్’లో జపాను మనుషులు చెప్పిన కథలున్నాయి. అక్కడ తపనకూ కుటుంబ బంధానికీ మధ్య గోడ లేదు. తల్లి పడిన కష్టం, ఆ కష్టానికి బిడ్డ మనసులో మిగిలిన అపరాధభావం, ఆ రుణం తీర్చుకోవడానికి చేసే పని, మూడూ ఒకే దారం. మెక్లెలాండ్ పద్ధతి ఆ దారాన్ని మూడు ముక్కలుగా తెంపి, ఒక ముక్కను మాత్రమే తూకం వేసింది. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 1999లో ప్రచురించిన ప్రయోగం మరీ ముచ్చటైనది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు అక్షరాలు కలిపి పదాలు కట్టే పజిళ్ళు ఇచ్చారు. కొందరు ఏ పజిలు చేయాలో తామే ఎంచుకున్నారు. కొందరికి ప్రయోగం చేసేవారు ఎంచి ఇచ్చారు. కొందరికి మీ అమ్మ ఎంచిందని చెప్పారు. తెల్లజాతి అమెరికన్ పిల్లలు తాము ఎంచుకున్నప్పుడు అన్నిటికన్నా బాగా చేశారు. ఆసియా మూలాల పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడు అన్నిటికన్నా బాగా చేశారు. ఏ గుంపుకు తపన ఎక్కువ? ప్రశ్నే అర్థరహితమవుతుంది. అడగవలసింది తపన ఎవరి పేరుతో మేలుకుంటుందన్నది.

ప్రశ్నావళులతో అంకెలు తేల్చేవారికి ఇంకొక గోతి ఉంది. పీసా పరీక్షల్లో గణితంలో ముందు వరసలో ఉండే జపాను, కొరియా పిల్లలు గణితం మీద తమకున్న ఆసక్తిని అడిగితే తక్కువగా చెప్పుకుంటారు. ప్రతి ఒక్కరూ తన చుట్టూ ఉన్నవారితో పోల్చుకుని జవాబు రాస్తారు. అందరూ పరుగెత్తే వీధిలో నడిచేవాడు సోమరిలా కనబడతాడు, అంతే. ఆ జవాబులను దేశాల మధ్య పేర్చి పట్టిక కట్టడం పొడుగు కొలవడానికి మెట్ల మీద వేర్వేరు చోట్ల నిలబడ్డవారి తలలను చూసినట్టుంటుంది.

స్త్రీల సంగతి ఒక్క మాటలో ముగిసిపోతుంది, ఎందుకంటే ఆ శాస్త్రవేత్తలూ ఒక్క మాటలోనే ముగించారు. తొలి ప్రయోగాల్లో పోటీ వాతావరణం కల్పించినప్పుడు పురుషుల అంకెలు పెరిగాయి, స్త్రీల అంకెలు అలా కదలలేదు. సిద్ధాంతాన్ని సవరించే బదులు స్త్రీలను పక్కన పెట్టారు.

ఇంత చెప్పాక కాకినాడ పుస్తకానికి న్యాయం చేయవలసి ఉంది. మెక్లెలాండ్‌ను నిరసించేవారు చాలామంది దాన్ని తెరవకుండానే నిరసిస్తారు. తెరిస్తే ఒక అరుదైన నిజాయితీ కనబడుతుంది. శిక్షణ పొందినవారిని, పొందనివారిని పక్కపక్కన పెట్టి, రెండేళ్ళ తరవాత ఎవరు కొత్త వ్యాపారం పెట్టారు, ఎవరు కొత్తగా మనుషులను పనిలోకి తీసుకున్నారు, ఎవరు పెట్టుబడి పెంచారు అని లెక్క తీశారు. శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది చురుగ్గా కదిలారు. పొందనివారిలో సుమారు నాలుగో వంతు. ఈ మాత్రం శ్రద్ధతో ఒక చిన్న ఊరి కొట్ల యజమానుల జీవితాన్ని పట్టించుకున్న విదేశీ శాస్త్రవేత్తలు ఆ రోజుల్లో ఎంతమంది? తపన పుట్టుకతో వచ్చేది కాదు, పెద్దవయసులోనూ నేర్పవచ్చు అన్నది మెక్లెలాండ్ నమ్మకం. జాతి గుణాల గురించి ఉపన్యసించేవారి కన్నా అది ఎంతో మెరుగైన నమ్మకం.

అయితే ఆ నిజాయితీయే సిద్ధాంతాన్ని లోపలి నుంచి తొలిచింది. కథల్లో అంకె పెరగడం ఒక్కటే ఎవరు నిజంగా వ్యాపారం పెంచుతారో చెప్పలేకపోయింది. తమ వ్యాపారంలో నిర్ణయం తీసుకునే అధికారం తమ చేతిలోనే ఉన్నవారిలో మార్పు కనబడింది. తండ్రి చాటునో అన్నగారి చాటునో కొట్లో కూర్చున్నవారిలో అంతగా కనబడలేదు. కులం, సంప్రదాయ విశ్వాసం పెద్ద అడ్డంకులు కాలేదని రచయితలే ఒప్పుకున్నారు. పూజ చేసుకునేవాడూ, ముహూర్తం చూసుకునేవాడూ అవకాశం ఉన్న చోట వ్యాపారం పెంచుకున్నాడు. వేబరు నుంచి తెచ్చుకున్న ముడి కాకినాడలో విడిపోయిందన్నమాట. ‘ది అచీవింగ్ సొసైటీ’లో సంస్కృతి నాయకుడు, ఎనిమిదేళ్ళ తరవాతి పుస్తకంలో అది గుంపులో ఒకడు. ఈ మలుపును గమనించకుండా మొదటి పుస్తకాన్నే వల్లించడం పాఠకుల తప్పు, కొంత మెక్లెలాండ్ తప్పు కూడా. తరవాతి రచనల్లో ఆయన కాకినాడను తన విజయంగా చెప్పుకున్నంత గట్టిగా తన సిద్ధాంతానికి తగిలిన దెబ్బగా చెప్పుకోలేదు.

ఆయన కొలబద్ద కింద పడని తపన ఒకటి అదే ఊళ్ళో, అదే సంవత్సరాల్లో పుష్కలంగా ఉంది. రంగరాయ వైద్య కళాశాల 1958లో కాకినాడలో మొదలయింది. ఇంజనీరింగు కళాశాల అంతకు ముందు నుంచే ఉంది. 1965 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం చదువుకున్న వృత్తినిపుణులకు తలుపు తెరిచింది. సియెట్‌లో వ్యాపారులు రింగులు విసురుతున్న కాలంలో, ఆ ఊరి కళాశాలల్లో విద్యార్థులు శవాల గదుల్లోనూ ప్రయోగశాలల్లోనూ నిద్ర మానుకుని చదువుతున్నారు. వారిలో కొందరు తరవాత ఆ తలుపు గుండానే వెళ్ళారు. వారికి ఎవరూ పది రోజుల శిక్షణ ఇవ్వలేదు. వారి వెనుక ఉన్నది ధవళేశ్వరం ఆనకట్ట కింద 1850ల నుంచి పండుతున్న పొలం, ఆ పొలం మిగులు, ఆ మిగులుతో కట్టిన బడి, ఫీజుకు అమ్మగలిగిన ఎకరం. కోస్తా రైతు కులాలు సేద్యపు మిగులుతో వ్యాపారంలోకి, సినిమాల్లోకి, పరిశ్రమల్లోకి ఎలా నడిచాయో కెరోల్ ఉపాధ్య 1980లలోనే రాసింది. ఆ పొలంలో నాట్లు వేసిన మనిషికి తపన లేదని ఏ కథాపరీక్షా నిరూపించలేదు. అతనికి అమ్మడానికి ఎకరం లేదు.

ఇది మరిచినప్పుడు ‘ది ట్రిపుల్ ప్యాకేజ్’ వంటి పుస్తకాలు తియ్యగా వినబడతాయి. ఏమీ చువా, జెడ్ రూబెన్‌ఫెల్డ్ 2014లో రాసిన ఆ పుస్తకం అమెరికాలో విజయవంతమైన ఎనిమిది గుంపులను ఏరి, వాటిలో భారతీయులను చేర్చి, వారి గెలుపుకు కారణం మూడు గుణాలంది: తామే గొప్పన్న భావం, తమకేదో తక్కువన్న బెంగ, మనసును అదుపులో పెట్టుకోవడం. ప్రవాస భారతీయులు దాన్ని ఇష్టంగా చదివారు. తమ పొగడ్త ఎవరికి చేదు? జాషువా హార్ట్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ 2016లో ఆ మూడు గుణాలనూ వందలాది మనుషుల మీద పరీక్షించి, మూడూ కలిసి ఉంటే గెలుపు వస్తుందన్న వాదానికి ఆధారం లేదని తేల్చారు. తల్లిదండ్రుల చదువు, మనిషి స్వంత తెలివితేటలు, ఈ పాత సంగతులే మళ్ళీ బయటపడ్డాయి. భారతీయ అమెరికన్ల మీద చక్రవర్తి, కపూర్, సింగ్ 2017లో రాసిన ‘ది అదర్ వన్ పర్సెంట్’ మరింత తిన్నగా చెప్పింది: వీరు మూడుసార్లు జల్లెడ పట్టిన గింజలు. మొదట కులవర్గాల నిచ్చెన పై మెట్ల వారికి చదువు అందింది. తరవాత ప్రవేశ పరీక్ష ఏరింది. ఆ పైన వీసా ఏరింది. జల్లెడ కింద రాలినవారిని చూడకుండా పైన మిగిలినవారిని పట్టుకుని సంస్కృతి గొప్పదనం అనడం, ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచి వెళ్ళినవారిని మాత్రమే లెక్కపెట్టి జబ్బు ప్రాణాంతకం కాదనడం వంటిది.

ఈ వాదానికి ఒక సామాజిక ఖరీదు ఉంది. భారతీయులు ఇంత పైకి వచ్చారు, మరి నల్లవారెందుకు రాలేదన్న ప్రశ్నను తెల్లవారే కాదు, తెలుగువారూ అడుగుతారు. అడిగేవారి నోట మెక్లెలాండ్ పేరు ఉండదు. ఆయన లెక్క మాత్రం ఉంటుంది.

కొలవడమే తప్పని ఇదంతా కాదు. భారతీయ మనస్తత్వవేత్తలు ఆ రోజుల్లోనే మెరుగైన ప్రశ్నలు వేశారు. జె.బి.పి. సిన్హా 1968లో ప్రకటించిన ప్రయోగంలో వనరులు పరిమితంగా ఉన్నప్పుడు వ్యక్తిగత పోటీ గల గుంపులు ఒకరి కాళ్ళు ఒకరు లాక్కున్నాయి. సహకార భావం గల గుంపులు మెరుగ్గా పని చేశాయి. బీద దేశానికి సాధనాపేక్షను మందుగా రాసేవారు మొదట చదవవలసిన కాగితం అది. ఉదయ్ పారీక్ అదే దశకంలో అభివృద్ధికి ఒక సూత్రం ప్రతిపాదించాడు. అందులో సాధనాపేక్ష ఒంటరిగా ఉండదు. తనను దాటి ఇతరులకు, సమాజానికి విస్తరించాలన్న ప్రేరణతో గుణకారమవుతుంది, పరాధీనత అందులోంచి తీసివేతకు వస్తుంది. గుణకారం కాబట్టి రెండింటిలో ఒకటి సున్నా అయితే ఆ లబ్ధం సున్నా. ఈ సూత్రాన్ని అక్షరాలా నమ్మనక్కరలేదు. మనుషుల మనసులకు బీజగణితం అంత సులువుగా లొంగదు. కానీ ‘ప్రయోజకుడు’ అన్న మాట ఉన్న భాషల్లో పుట్టిన బుర్ర దాన్ని ఆలోచించిందని గుర్తుపట్టవచ్చు. హార్వర్డ్ పాఠ్యగ్రంథాల్లో మెక్లెలాండ్‌కు అధ్యాయాలున్నాయి. పారీక్‌కు పాదసూచిక దొరికితే గొప్ప.

అమెరికాలో ఉన్నత పాఠశాల ఆఖరి సంవత్సరంలో పిల్లలు కాలేజీ ప్రవేశానికి ఒక వ్యాసం రాయాలి. ఇచ్చే అంశాల్లో ఒకటి: మీ ఎదుగుదలకు దారితీసిన ఒక అచీవ్‌మెంటు గురించి చెప్పండి. బొమ్మ చూపించరు, అంతే తేడా. కథ రాయించుకుని మార్కులు వేసేవారు ఉన్నారు. తెలుగు ఇంటి పిల్ల తొలి చిత్తులో తరచూ రాసేది ఇలా ఉంటుంది: అమ్మమ్మ జబ్బుపడి వచ్చి ఆరు నెలలు ఇంట్లో ఉంది, అమ్మకు రాత్రి డ్యూటీలు, తనే అమ్మమ్మకు మందులు ఇచ్చింది, తమ్ముడికి లెక్కలు చెప్పింది, ఆ సంవత్సరం సైన్స్ పోటీకి వెళ్ళలేదు. గంటకు వందల డాలర్లు పుచ్చుకునే సలహాదారు దాన్ని చదివి, ఎర్ర సిరాతో అమ్మమ్మను కొట్టేసి, పక్కన ఒక ప్రశ్న రాస్తారు: ఇందులో నువ్వు సాధించింది ఏమిటి?

పిల్ల ఆ ప్రశ్నను తెలుగులో తండ్రిని అడుగుతుంది. ఆయన కూడా అమ్మమ్మను తీసేయమనే అంటాడు.